పదకొండో కాలు

నరసాపురంలో పంటు దిగి
దర్భరేవు వైపు నడిస్తే
అరుగుల మీద ఆడాళ్ళ వేళ్ళు కనపడతాయి ముందు,
తర్వాతే మొహాలు.
వాటిలో మా అమ్మవి ఏవో
నాకు దూరం నుంచే తెలిసేది.
చూపుడువేలి పక్కన లేసు దారం కోసిన గాడి,
ఒక వడ్లగింజ పడుకునేంత.

దయామణి అంటే ఊళ్ళో ఎవరికీ తెలీదు.
ఏజెంటు పుస్తకంలో పదిహేడో నంబరు.
ఉండలు తూచి ఇచ్చేవాడు,
అల్లింది తూచి పట్టుకెళ్ళేవాడు.
అనాసకాయ డిజైను. పదహారు రేకుల పువ్వు. మళ్ళీ అనాసకాయ.
ఎక్కడో చలిదేశంలో
ఎవరి బల్ల మీదో పూలకుండీ కింద పరిచే గుడ్డకి
మా ఇంట్లో కిరసనాయిలు ఖర్చు.

నాకు ఆరేళ్ళప్పుడు, కాలవలు కట్టేసిన నెలలో
బురదలో పీత ఒకటి నన్ను చూసి పారిపోయింది.
ఇంటికొచ్చి దాన్ని పట్టుకున్నాను,
పొయ్యిబొగ్గుతో, నట్టింట్లో,
ఆ పొద్దుటే అలికిన నేల మీద.
అమ్మ చెయ్యి లేచింది.
(కొట్టేది, అబద్ధం ఎందుకు,
దారం ఉండ వీధిలోకి దొర్లించినందుకు
వీపు మీద అయిదు వేళ్ళూ తేలేయి ఒకసారి.)
లేచిన చెయ్యి గాల్లోనే ఆగి
కాళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టింది.
"ఇటు నాలుగు, అటు అయిదు, రెండు డెక్కలు.
ఒకటి ఎక్కువేసేవేంటే?"
"అది పరిగెడతందమ్మా.
పరిగెట్టే కాలు రెండు కాళ్ళలా కనపడతది."

అమ్మ బాగుందని అనలేదు, తప్పనీ అనలేదు.
కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని
పీతని తొక్కకుండా చుట్టూ తిరిగి
వంటలోకి పోయింది.
మూడు రోజులు ఆ మూల అలకలేదు.

నాలుగోనాడు ఏజెంటు వీర్రాఘవులు
గుడ్డని వెలుగుకి పట్టుకుని
"ఏంటమ్మా ఇది, అనాసకాయ ఉండాల్సిన చోట?"
"పీతండి."
"పీతా?"
"ఆయ్. పరిగెడతందండి."

కూలి కోసేశాడు, దారం ఖరీదుతో సహా.
ఆ వారమంతా చారన్నం.
నాన్న రెండు రోజులు మాట్లాడలేదు.
విప్పేస్తే దారమైనా మిగులుతుంది కదే అంది పెద్దమ్మ.
అమ్మ విప్పలేదు.
మంచినీళ్ళ బిందె మీద కప్పింది.
దాహమేసిన ప్రతిసారీ
పీతని పక్కకి జరిపి
నీళ్ళు ముంచుకుని
మళ్ళీ పడుకోబెట్టేవాళ్ళం.

నేను పెద్దదాన్నయ్యాక ఎప్పుడో
చింతచిగురు నలుపుతూ అంది,
"ఇన్నేళ్ళూ వాళ్ళు చూపించిందే అల్లేనే.
చూపించకుండా అల్లింది అదొక్కటే."
అనేసి, పుల్లలు ఏరడంలో పడిపోయింది.

ఇప్పుడు నేను రేవులో పడవలకి పేర్లు రాస్తాను.
ఆడపిల్ల రాస్తే వల నిండుద్దా అన్నవాళ్ళే
అడ్వాన్సు పట్టుకుని వస్తున్నారు.
నిన్న కొల్లాటి అప్పన్న పడవ ముక్కు మీద
పీత వేశాను,
ఎర్రరంగు, నల్లగీత, లెక్కగా పది కాళ్ళు.
అమ్మని ఆటోలో తీసుకెళ్ళాను.
చూపు ఆనదు; వేళ్ళతోనే చూస్తుంది.
తడి ఆరలేదమ్మా అంటున్నా వినకుండా
ఆ గాడి పడ్డ వేలితో
ఒక్కో కాలూ తడుముకుంటూ పోయి
చివర ఆగింది.
"అదేదే?"
"ఏది?"
"పరిగెట్టేది."

నేను కుంచె వెతుక్కునేలోగా
రంగంటిన వేలు
పీత పక్కన ఒక్క గీత లాగింది,
వంకరగా, కింది చెక్క దాకా.

అప్పన్న డబ్బులు కోస్తే
కోసుకోనీ.