పోత ఇసుక

ఈ ఆదివారం పాఠం నా వంతు.
పెదగంట్యాడ సందులో రేకుల మందిరం,
పద్దెనిమిది మంది పిల్లలు, ఒక గోడ ఫ్యాను.
చెప్పాల్సింది ఆ దూడ గురించి:
ఎడారిలో, కొండ అడుగున,
చెవిపోగులు కరిగించి చేసుకున్న దూడ.

నిలదీస్తే యాజకుడు
నేరాన్ని మంట మీదికి నెట్టేశాడట,
దూడ దానంతటదే పుట్టుకొచ్చినట్టు.

నాకు నవ్వొస్తుంది.
ఆటోనగర్ ఫౌండ్రీలో ఇరవై ఆరేళ్ళుగా మౌల్డర్ని.
కొలిమిలోంచి దానంతటదే ఏదీ రాదు.
ముందు చెక్కతో నమూనా చెయ్యాలి,
ఇసుకలో బంకమన్ను, బెల్లపు మడ్డి కలిపి తొక్కాలి,
కింది పెట్టె, పై పెట్టె,
గాలి పోయేందుకు ఊచతో పొడిచిన చిల్లులు.
మోకాళ్ళ మీద కూర్చోకుండా ఏ మూసా తయారవదు.
దూడకంటే ముందు
దూడ ఆకారంలో ఒక ఖాళీ ఉంటుంది.
దాన్ని మనిషే చేసుకుంటాడు, శ్రద్ధగా.

పిల్లలకి ఇదే చెబుదామనుకున్నాను.

గురువారం రాత్రి నేనూ ఒక ఆబోతుని పోశాను.
ద్వారకానగర్‌లో షేర్ల ఆఫీసు,
గాజు తలుపు పక్కన పెట్టుకోడానికి ఇత్తడిది కావాలట,
కొమ్ములు పైకి, తోక మెలితిరిగి.
మామూలుగా మాకొచ్చేవి హార్బరు బోట్ల పంకాలు,
నీళ్ళలో మునిగి పనిచేసేవి, ఎవరూ చూడనివి.
ఆబోతుకి మూడింతలు ఇస్తామన్నారు.
ఇసుక ఆరనివ్వలేదు నేను.
చెమ్మ తగిలి లోహం చిమ్మితే
ఎల్లాజీ కుడి ముంజేతి మీద రూపాయంత బొబ్బ.
బర్నాలు రాసి, మళ్ళీ పోశాం.

"అదేం విగ్రహం కాదులే" అన్నాను ఇంటికొచ్చి,
"ఎవడు దణ్ణం పెడతాడు దానికి?"
దీవెనమ్మ కవళ్ళు తోముతోంది, తలెత్తలేదు.
"పక్కింటి పైడమ్మ సింహాచలం మెట్లెక్కితే గొణుగుతావు.
ఆ కుర్రోడి కూలిచ్చావా?"

కూలి.
రెండు వారాలది నా దగ్గరే ఉంది,
ఆబోతు బిల్లు వచ్చాక ఇద్దామని.

ఆ కొండ కింద జనం చేసుకున్నది ఒప్పందం.
ఇటుకల బట్టీల్లోంచి మిమ్మల్ని లాక్కొచ్చాను,
ఇంకొకరికి మొక్కకండి అన్నాడు ఆయన.
సరే అన్నారు అందరూ, ఒకే గొంతుతో.
బొమ్మలు వద్దన్న ఆ నోరే
అదే ఊపులో ఇంకా చాలా అడిగింది:
సంచిలో రెండు రకాల తూకపురాళ్ళు పెట్టుకోవద్దని,
చేను అంచులు కొయ్యకుండా వదిలెయ్యమని,
ఏడోనాడు పనివాడికీ ఎద్దుకీ సెలవని,
కూలోడి డబ్బులు పొద్దుగుంకేలోగా ఇచ్చెయ్యమని.
బట్టీలో మాడినోళ్ళకి
వేరే చెప్పాలా అసలు?
అయినా చెప్పాడు. మరిచిపోతామని తెలుసు.

దూడ దగ్గరే ఆగిపోయాను ఇన్నేళ్ళూ.
దూడైతే కనిపిస్తుంది, వేలు చూపించొచ్చు,
పైగా అది ఎప్పుడూ పక్కింట్లోనే ఉంటుంది.

శనివారం సాయంత్రం డబ్బు జేబులో పెట్టుకుని బయల్దేరాను.
స్టీల్ ప్లాంటు పొగగొట్టాల వెనక దిగుతోంది పొద్దు.
దార్లో లారీలు, ఒక పెళ్ళి బ్యాండు.
శ్రీహరిపురం దాటేసరికి వీధి దీపాలు వెలిగేశాయి.
ఎల్లాజీ మల్కాపురంలో అద్దింటి మెట్ల మీద
కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.
ఎడం చేత్తో లెక్కపెట్టుకున్నాడు, నెమ్మదిగా, రెండుసార్లు.
"రేపిచ్చినా పోయేది మేస్త్రీ."
పడమట ఇంకా ఎరుపు మిగిలిందో లేదో
మేడల మధ్య నాకు కనిపించలేదు.

షెడ్డులో ఆబోతు గోనె కప్పుకుని ఉంది.
సోమవారం పాలిష్, మంగళవారం డెలివరీ.
పంపనని చెప్పగలనో లేదో తెలీదు.

రేపు పిల్లల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు:
ఆ దూడని పొడి కొట్టి, నీళ్ళలో కలిపి
జనం చేత తాగించారట కదా,
ఎలా ఉంటుంది అంకుల్ రుచి?

బంగారం సంగతి నాకు తెలీదమ్మా.
ఇత్తడైతే
పోతరోజు రాత్రి నాలిక మీద తియ్యగా మొదలవుతుంది.
తర్వాత వణుకు, జ్వరం.
మంచినీళ్ళు తాగినా అదే రుచి.