తలకు డెబ్బై ఐదు ఎకరాలు

రికార్డుల గదిలోకి పెన్ను తేకూడదు.
పెన్సిల్ ఒక్కటే.
ఎవరూ ఈ కాగితాలను దిద్దకూడదని నియమం,
దిద్దవలసిన రోజుల్లో ఎవరూ దిద్దలేదు గానీ.

పదహారు వందల అరవై నాలుగు.
రాజుగారి తమ్ముడు తను చూడని నేలను
ఇద్దరు స్నేహితుల చేతిలో పెట్టాడు,
తాంబూలం ఇచ్చినంత తేలిగ్గా.
వాళ్లు దానికి ఎక్కడో ఉన్న దీవి పేరు తెచ్చి
ముందు 'న్యూ' తగిలించారు.
లెనాపీల నోట ఆ నేలకు అప్పటికే పేరుంది.
ఎవరూ అడగలేదు.

తరవాత, రండి రండి అని చాటింపు.
తుపాకీతో వస్తే ఇంత, పనివాణ్ణి తెస్తే ఇంత,
పద్నాలుగేళ్లు దాటిన బానిసను తెస్తే
ఆడైనా మగైనా
తలకు డెబ్బై ఐదు ఎకరాలు.

తెచ్చినవాడికి.
తలకు కాదు.

ఈ గుమస్తా చేతిరాత ముచ్చటగా ఉంది.
తోకలు మెలితిరిగిన అక్షరాలు.
అదే నాకు కోపం.

ఊళ్లో పాత ఇటుక ఇళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి.
నీలి మెరుపు ఇటుకలతో గోడ నెత్తిన
ఆలుమగల పేర్ల పొడి అక్షరాలు, కట్టిన ఏడు.
చిన్నప్పుడు నానమ్మ నన్ను ఎత్తుకుని
కింది వరసలో ఒక ఇటుక తడిమించింది:
పచ్చి మట్టి మీద ఎవరిదో బొటనవేలు.
"ఈ ఇంటికి ఇదీ సంతకమే" అంది.

ఓబెద్ మా నానమ్మకు తాత.
ఈ గదిలో అతని పేరు ఒక్కచోటే దొరికింది:
ఉప్పుగడ్డి పడవకు సుంకం ఎగ్గొట్టినందుకు
రెండు డాలర్ల జరిమానా.
పగలు గడ్డి మోసిన పడవ
రాత్రి ఏం మోసిందో రాయలేదు.
రాయకపోవడమే మంచిదైంది.

అవతలి ఒడ్డు డెలవేర్.
మే నెల, చంద్రుడు లేడు, బురద వాసన.
ఎర బుట్టలో దాచిన దీపం, నీలి గాజుది,
గోరంత.
డోర్కస్ అనే మనిషి, గోనెసంచిలో ఆమె కొడుకు.
వాడి నోట్లో గట్టి రొట్టె ముక్క, ఏడవకుండా.
నడి అఖాతంలో ఎవరిదో పడవ చప్పుడు.
ఓబెద్ తెడ్డు ఎత్తి పట్టుకుని
ఆటుకు వదిలేశాడు.
మైలో, రెండు మైళ్లో వెనక్కి పోయారు,
మళ్లీ మొదటి నుంచి.

ఇవతల గుర్రపుడెక్క పీతలు
గుడ్లు పెట్టడానికి ఒడ్డంతా కమ్మేశాయి.
పడవ అడుగుకు వాటి చిప్పలు టకటక కొట్టుకుంటే
తలుపు తట్టినట్టుందట.
ఆమె మోకాటి లోతున దిగి అడిగింది:
"ఇదేనా?"
ఓబెద్ అబద్ధం ఆడే మనిషి కాదు.
"కాదు. ఇక్కడా పట్టుకునేవాళ్లున్నారు.
ఇక్కడా ముసలి బానిసలున్నారు,
చట్టం వాళ్లకు పేరు మార్చిందంతే.
ఇది మెట్టు. పైకి నడువు.
నీలి అక్షరాల ఇంటి వెనక కొట్టంలో
అబైజా ఉంటాడు. టోపీ తీయడు, మాట్లాడడు.
గుర్రం మాత్రం కట్టి ఉంచుతాడు."

ఆ ఇంటి ముత్తాతలు
ఎన్ని తలలకు ఎన్ని ఎకరాలు కొలిపించుకున్నారో
ఓబెద్‌కు తెలుసు.
అబైజాకూ తెలుసు.
దాని గురించి ఆ ఇద్దరూ
ముప్పై ఏళ్లలో ఒక్క మాట అనుకోలేదు.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల కథలే
ఈ గది నిండా ఉన్నాయి.
ఓబెద్ తెల్లారేలోగా తెప్ప వెనక్కి తిప్పాడు.
అవతల ఇంకా మనుషులున్నారు.

ఒడ్డు బురదలో ఆమె పాదం గుర్తు ఒకటి మిగిలిందట.
అందులో నీళ్లు నిండాయి, పీత ఒకటి దూరింది.
ఈ రాష్ట్రంలో ఆమెకు దక్కిన నేల అంతే,
పోటు వచ్చేదాకా.

నకలుకు పాతిక సెంట్లు.
రెండు తీసుకున్నాను.
ఒకదాని వెనక, ఖాళీ వైపు,
పెన్సిల్‌తోనే రాశాను:
డోర్కస్. కొడుకు, పేరు తెలియదు.
ఒక పాదం.