రెండో కుర్చీ

పొద్దున్న ఐదుంపావుకి
మహారాణిపేట కోర్టు తాళం తీస్తే
ముందుగా పలకరించేది తుప్పు.
సముద్రం రాత్రంతా రింగుని నాకి వెళుతుంది.
ఏడాదికి రెండు వలలు కుళ్లిపోతాయి,
ఆఫీసు ఒక్కదానికే డబ్బులిస్తుంది.
రెండోది జాలరిపేటలో పోలమ్మ నాన్న అల్లిపెడతాడు,
చేపల వల నైలాను దారంతో.
అందులోంచి బంతి జారితే చప్పుడే వేరు.
తడి వలని పడవలోకి విసిరినట్టు.

నన్ను అసిస్టెంట్ కోచ్ అంటారు.
జీతం రిజిస్టర్లో మాత్రం
'మార్కర్, గ్రేడ్ టూ'.
బంతులకి గాలి కొట్టడం,
బెర్తుల కోసం టీసీని బతిమాలడం,
వాచిన చీలమండకి సోడాబండి దగ్గర ఐసు అప్పు తేవడం,
"గాజువాక బస్సు ఎక్కించాకే నేను కదుల్తానమ్మా" అని
తల్లులకి ఫోన్లో మాటివ్వడం.
రాత్రి నోటుబుక్కులో అవతలి టీమ్ గురించి రాసుకోవడం:
ఏడో నంబరు, ఎడమవైపు తిప్పితే తడబడుతుంది.
ఆ నోటుబుక్కు ఎవరూ అడగరు.
అడిగినవాళ్లకి నా చేతిరాత అర్థం కాదు.

ఇరవై రెండేళ్లలో నలుగురు హెడ్ కోచ్‌లు.
డిక్రూజ్ గారు ఈలతోనే మాట్లాడేవారు.
షణ్ముఖం గారు అసలు మాట్లాడేవారే కారు.
ఇంకొకాయన ఆరునెలలకే భిలాయి వెళ్లిపోయాడు,
నా విజిల్ జేబులో వేసుకుని.
హుద్‌హుద్ గాలికి బోర్డు లేచి
పక్కవీధి మేడమీద పడితే
దాన్ని దింపింది నేనూ, ఇద్దరు రిక్షావాళ్లూ.
ఇప్పుడున్నది త్రివేణి మేడం.
లేఅప్‌కి ఏ కాలు ముందో తెలియక
ఈ కోర్టులోనే ఏడ్చిన పిల్ల.
ఆ ఉద్యోగానికి నేనూ అప్లికేషన్ పెట్టాను.
డిప్లొమా లేదన్నారు.
పాటియాలా వెళ్లాల్సిన ఏడు
నేను కేజీహెచ్ వరండాలో పడుకున్నాను.
అది వేరే సంగతి.

ఆటలో ఒక రూలుంది.
కోచ్, అసిస్టెంట్,
ఇద్దరిలో ఒకసారికి ఒక్కరే నిలబడాలి.
ఇరవై రెండేళ్లు ఆ రూలుని
నేను కూర్చుని పాటించాను.
కూర్చున్నవాడికి మాట ఉండదు, మోకాలుంటుంది.
దాని మీద రెండు వేళ్లు పెడితే జోన్.
పిడికిలి పెడితే బంతి లోపలికి.
అరచెయ్యి పరిస్తే, ఊపిరి తీసుకోండి తల్లీ, ఏం కొంపలు మునగలేదు.

మొన్న సెమీఫైనల్లో
మూడో క్వార్టర్ మధ్యలో
మేడంకి రెండో టెక్నికల్ పడింది.
బయటికి పోతూ బోర్డు నా ఒళ్లో పెట్టి
"సార్, లేవండి" అంది.
లేచాను. నాకంటే ముందు మోకాలు అరిచింది.
ఆ ఎత్తునించి కోర్టు చూడటం కొత్త.
చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు,
జేబుల్లో పెట్టాను, తీశాను.
చెవిలో చెప్పడం అలవాటైన గొంతు
సైడ్‌లైన్ దాటి వెళ్లనంది.
పోలమ్మ బంతి కొట్టుకుంటూ వస్తూ బెంచి వైపు చూసింది.
నన్ను కాదు.
ఖాళీ కుర్చీని.
బంతి పోగొట్టుకుంది.
ఇంకోసారీ అంతే.
టైమౌట్‌లో నీళ్లసీసా విసిరి అడిగింది,
"సారూ, నువ్వు లెగిసావేటి?
సెయ్యి అగపడ్లేదు."

కూర్చున్నాను.
రెండు వేళ్లు మోకాలి మీద పెట్టాను.

ఓడిపోయాం, మూడు పాయింట్లతో.
కాదు, నాలుగు. ఆఖరి ఫ్రీత్రో మర్చిపోయాను.

తిరుగుబస్సులో త్రివేణి నా పక్కకొచ్చి కూర్చుంది.
"లేచే అవకాశం వస్తే ఎందుకు కూర్చున్నారు సార్?"
మోకాలమ్మా, అన్నాను.
ఆమె నవ్వలేదు.
నాలుగేళ్లు దాన్నే చూసి ఆడిన పిల్ల,
ఏ మోకాలో అడగలేదు.

పోర్టు గేటు దగ్గర కిటికీలోంచి బొగ్గుపొడి.
సంచి విప్పి బంతులు లెక్కపెట్టాను.
పదకొండు.
మళ్లీ లెక్కపెట్టాను.
పన్నెండోది పోలమ్మ తలకింద ఉంది.
లేపలేదు.