పదిహేడున్నర కిలోలు

బద్వేలు నాలుగురోడ్ల కాడ
ఎర్రగడ్డల కాటా మీద నా బ్యాగు తూచినా.
పదిహేడున్నర.
"ఏందబ్బయ్యా ఓబులేసూ, సంసారం మోసకపోతాండావా?"
కాటాయన పక్కున నవ్వినాడు.

కొత్త వాచర్ని. కొత్త బ్యాగు.
పద్నాలుగు జిప్పులు, నడుముకొక పట్టీ, రొమ్ముకొక పట్టీ,
ఆ పట్టీకి ఒక ఈల.
కడప అంగట్లో పిల్లోడు
నా మొదటి జీతమంతా లెక్కబెట్టుకుని
దిక్సూచి ఒకటి ఊరికే ఇచ్చినాడు,
దానికి మూతలాగ చిన్న భూతద్దం.

పోలయ్య సామాను:
యూరియా సంచి, పాత చీర పేలికల పట్టీలు.
కొడవలి.
బీపీ మాత్రల డబ్బాలో అగ్గిపుల్లలు,
మూత లోపల అంటించిన గీకుడు ముక్క.
బొరుగులు, బెల్లం, ఏంచిన చెనిక్కాయలు.
రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా,
దానికి తడిపిన గోనెగుడ్డతో కుట్టిన చొక్కా.

నేను లంకమల ఎక్కలేదు.
లంకమలే నా మీదికి ఎక్కింది.
మొదటి మిట్టకే మడిమ పొక్కింది,
రెండో మిట్టకు కలివిముల్లు
ఒక జిప్పును పండ్లతో సహా ఊడబీకింది.
రేలచెట్టు కింద పోలయ్య నా బ్యాగు విప్పి
బరువులన్నీ వీపుకు ఆనించి సర్దినాడు.
"ఎనక్కి లాగే బరువు అప్పులోడు మాదిరి,
అడుగు తీసి అడుగెయ్యనీడు."
పొక్కు మీద ఏదో ఆకు నలిపి పిండి
నా బూట్ల దిక్కు చూసినాడు.
"ఇవి కొన్నావు సరే. పాదాలు యాడ కొంటావు?"

ఆ రాత్రి బేస్‌క్యాంపులో
మడతకుర్చీ, మూడు చొక్కాలు, గ్యాసుపొయ్యి దింపేసినా.
ఈల మాత్రం ఉంచుకున్నా, ఎందుకో.

రెండోనాడు నీళ్ళైపోయినాయి.
ఎండిన వంకలో ఇసక మీద చెయ్యి పెట్టి చూసినాడు,
బిడ్డకు జరం చూసినట్టు.
మూరెడు తవ్వితే చెమ్మ,
ఇంకో జానెడుకు బురద,
ఆ బురదలో మెల్లగా ఊరింది
అరచేతంత ఆకాశం.
నేను దోసిలి పట్టినా.
"ఆగు. తేరుకోనీ.
నీళ్ళనూ, నిన్నూ."

బీడీ వెలిగించేది తాగడానికని అనుకున్నా.
పొగ ఎటు వంగుతాదో చూసి
దారి మార్చినాడు.
"గాలి మన ఈపు మీదుండాది.
ఎలుగ్గొడ్డు మనల్ని ఈపాటికే చదివేసింటాది."

ఉచ్చులు ఎట్ల కనిపెట్టాలని అడిగినా.
"ఉచ్చును ఎతకొద్దు. పందివనుకో.
ఇరుకు యాడుంది, తల వంచి యాడ దూరతావు,
ఆడ చూడు."
కాసేపాగి, ఏటి అవతలి గట్టును చూపినట్టు చెప్పినాడు:
"పన్నెండేండ్లు నేను అటుపక్క ఉన్నోన్నే."

మూడోనాడు పొద్దు వాలేటప్పుడు
బలుసుపొద సందులో
బండి క్లచ్చువైరు.
నేను చూడలేదు.
నేను పందిని కాలేకపోయినా.
పోలయ్య గూటం పీకి, తీగను కండ్లకు దగ్గరగా పెట్టుకుని,
దూరంగా పెట్టుకుని,
"ఆ అద్దం ఈయి," అన్నాడు.

నా బ్యాగులో ఆయన అడిగిన వస్తువు అదొక్కటే.

ముడి మీద అద్దం పెట్టి చానాసేపు కూచున్నాడు.
మూడు చుట్లు. ఒకటి ఎనక్కి.
కొస లోపలికి మడిచి, చెవిపోగు మాదిరి.
"ఎవరిది?" అన్నా.
దిక్సూచి మూసి నా చేతిలో పెట్టినాడు.
"నేర్చుకున్నోనిది."
కొండ దిగేదాకా ఇంక మాట లేదు.
ఆయన ముందు నడుస్తాంటే
మొదటిసారి కాలికింద ఆకు అలికిడైంది.

బద్వేలులో మళ్ళా కాటా. తొమ్మిది.
కాటాయన శభాష్ అన్నాడు.
తీగ తూకంలో లేదు, నా చేతిలో ఉంది.
గోనెమూటల చాటున కూచుని
ఆ ముడి విప్పాలని చూసినా.
గోరు విరిగింది.
పోలయ్య రోడ్డు దిక్కు తిరిగి
బీడీ తాగుతాండాడు,
ఈసారి పొగ ఎటు పోతాందో చూడకుండా.