తొమ్మిదో తలకి మట్టి

ఇరవై రెండేళ్లు కేబుల్ కారు నడిపింది త్సియాలా.
తీగలు పాతబడ్డాయని స్టేషను మూసేసిన రోజు
తాళంచెవి తిరిగివ్వలేదు.
ఎవరూ అడగనూ లేదు.
టిక్కెట్లు చించిన ఆ గదిలోనే
సినిమా తీస్తానంది.
నేను కరెంటు పనివాణ్ణి. దీపం పట్టుకోవడానికి పిలిచింది.

గనుల పుణ్యమా అని
చియాతురాలో ఆరేసిన దుప్పటి కూడా నల్లగానే ఎండుతుంది.
ఇక్కడ తెల్లగా మిగిలేవి
పాలూ, అబద్ధాలూ అని మా అమ్మమ్మ అనేది.

మా కథల్లో రాక్షసుణ్ణి దేవి అంటారు.
వేరే దేశాల్లో ఆ మాట వింటే చేతులు జోడిస్తారట.
మేం పరిగెడతాం.
తొమ్మిది తలలు వాడికి.
ఎర్రచొక్కా కుర్రాడొకడు వస్తాడు, తొమ్మిదీ నరుకుతాడు,
బంగారు ఆపిలు జేబులో వేసుకుని పోతాడు.
"నాలుగు నిమిషాల కథ, ఎంతసేపు?" అంది.
ఆరు చలికాలాలు.

సెకనుకి పన్నెండు బొమ్మలు.
బొమ్మ కదిలించాలి, ఊపిరి బిగబట్టాలి, మీట నొక్కాలి.
మళ్లీ వెంట్రుకవాసి కదిలించాలి.
ఒక కనురెప్ప వాలడానికి
ఒక మధ్యాహ్నం మొత్తం వాలిపోయేది.

ద్రాక్షసారా జాడీలు చేసే ముసలి ఒనిసే ఇచ్చిన
ఒకే ఒక్క బస్తా మట్టి.
తేనెమైనం కలిపి పిసికితే పగలదు, చెప్పిన మాట వింటుంది.
మొదటి తలకి మందుల షాపు నానులీ బుగ్గలు పెట్టింది.
రెండోదానికి రొట్టెలవాడి ముక్కు.
నాలుగూ ఐదూ కవలలు, ఒకరితో ఒకరికి మాటల్లేవు.
మూడోది ఎవరిదో చెప్పలేదు.
దాన్ని ఎప్పుడూ నిద్రపోతూనే ఉంచింది,
రాత్రి వెళ్లేముందు దానిమీద చేతిరుమాలు కప్పేది.

ఊరికి తెలిసిపోయింది.
నానులీ దగ్గుమందుతో వచ్చి
"నా తల ఎన్నోసారి తెగుతుంది?" అని అడిగింది.
రొట్టెలవాడు రొట్టె తెచ్చి
ముక్కు కాస్త చిన్నది చెయ్యమన్నాడు.

ఎనిమిదో తలతో బస్తా అడుగు కనబడింది.
ఒనిసే అప్పటికే లేడు.
నది ఒడ్డు మట్టి తెచ్చి చూశాం, తెల్లారేసరికి నెర్రెలు.
రెండు రోజులు పొయ్యి ముందు కూర్చుంది.
మూడోరోజు వచ్చి చూద్దునుగదా
కుర్రాడి కాళ్లు లేవు.
తర్వాత నడుం పోయింది.
భుజాల్లోంచి చిటికెడు, మెడలోంచి చిటికెడు,
తొమ్మిదో తల నిండేసరికి
వీరుడు బొటనవేలంత అయ్యాడు.
కత్తి మొయ్యలేకపోతున్నాడని
అగ్గిపుల్ల ఇచ్చింది.

"కథ మారిపోదా త్సియాలా?"
"కథకేం, దానికి బోలెడు మంది ఉన్నారు.
వీళ్లకి నేనొక్కదాన్నే."

నవంబరులో, కదలని కేబుల్ కారు పక్కగోడ మీద
దుప్పటి కట్టి చూపించాం.
పద్నాలుగు మందీ, ఒక కుక్కా.
దేవి కదిలినప్పుడల్లా
మట్టిమీద ఆమె వేలిముద్రలు మిలమిలా వణికాయి,
చర్మం కింద నెత్తురు పరిగెట్టినట్టు.
తొమ్మిది తలలూ వంగి
బొటనవేలంత కుర్రాణ్ణి చూశాయి.
వాడు అగ్గిపుల్ల ఎత్తాడు.
నిద్రపోయే తల కళ్లు తెరిచింది. అంతే, అయిపోయింది.

"నరికాడా, లేదా?" అని ఒక పిల్ల నిలబడి అరిచింది.
"తవుడు అక్కడ, పిండి ఇక్కడ" అంది త్సియాలా,
మా కథలన్నీ ముగిసే మాటే,
తీగ చుట్టుకుంటూ.
రొట్టెలవాడు మాత్రం చీకట్లో
ముక్కు తడుముకుంటున్నాడు.

ఒకచోట, మూడో నిమిషంలో,
దీపం సర్దుతుంటే నా చెయ్యి బొమ్మలో పడింది.
ఆ ముక్క తీసెయ్యమన్నాను.
"ఉండనీ, పైనుంచి ఏదో చెయ్యి వస్తుందనుకుంటారు" అంది.

సెకనులో పన్నెండో వంతు.
గోరు కింద నల్లటి మకిలి,
చూపుడువేలికి ఇన్సులేషన్ టేపు.
రెప్పవేస్తే కనబడను.