తూకం పుస్తకం

కాశీనగరం జీడిపప్పు ఫ్యాక్టరీలో
తూకం రాసేది నేను.
ఎవరి చేతి నలుపెంతో రాయడానికి
నా పుస్తకంలో గడి లేదు.

కాల్చిన గింజని మరలో పెట్టి కాలితో తొక్కితే
పెంకు రెండవుతుంది, రసం చిమ్ముతుంది.
ఆముదం రాసుకున్నా, బూడిద అద్దుకున్నా
జీడి జీడే.
అన్నంలో పులుసు కలుపుతుంటే
ఏ వేలు ముందు మండుతుందో
వరస తప్పకుండా చెప్పగలదు దాలమ్మ.

పోయిన శ్రావణంలో బరంపురం నుంచి డాక్టరమ్మొచ్చింది.
గుండ్రటి ఒడియా అక్షరాల పోస్టరొకటి గోడకెక్కింది.
మనిషికో జత చేతొడుగులు,
పసుప్పచ్చవి, పెళ్ళికూతురి చేతుల్లాగ.
ఫొటో తీసేవరకు అందరూ వేసుకున్నారు.

మర్నాటికి అవి మేకులకి వేలాడుతున్నాయి.
"వేసుకోండే" అన్నాను.
"ఏసుకుంటే తొమ్మిది కిలోలు, ఇప్పేస్తే పన్నెండు.
ఆ మూడూ నువ్వు రాస్తావేటి?" అంది గున్నమ్మ.
పెన్ను మూత పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను.

తర్వాత వాళ్ళేం మాట్లాడుకున్నారో తెలీదు,
ఒక మంగళవారం ముప్పై నాలుగు మందీ
తొడుగులతోనే కూర్చున్నారు.
సాయంత్రానికి నా పుస్తకం బక్కచిక్కింది.
పాత్రో బాబు కళ్ళజోడు పైకి తోసి
"కెతే?" అన్నాడు.
అంకె చెప్పాక మళ్ళీ "కెతే?" అన్నాడు.

దాలమ్మ తొడుగు లాగేసి
కాటా పళ్ళెంలో అరచెయ్యి పెట్టింది.
నొక్కలేదు. ఊరికే ఉంచింది.
"దీన్ని కూడా తూయండి బాబూ.
దీనికేటి రేటు?"

ముల్లు కాస్త వణికి
మూడు వందల గ్రాముల దగ్గర ఆగింది.
అలవాటు చొప్పున రాసేశాను.
ఆ అంకె ఇప్పటికీ కొట్టెయ్యలేదు.

కిలోకి రూపాయిన్నర పెరిగింది. వాళ్ళు మూడడిగారు.
కుళాయి దగ్గర సబ్బు పెట్టారు, రెండుసార్లు పోయింది.
తొడుగు చిరిగితే కొత్తది
అడిగిన పది రోజులకి వస్తుంది.
గున్నమ్మ ఇంకా ఎడమ చేతికే వేసుకుంటుంది,
పప్పు తీసే చెయ్యికి కళ్ళుండాలంటుంది.

నిన్న దాలమ్మ ఆలస్యంగా వచ్చింది.
రేషన్ షాపు మిషను రెండేళ్ళుగా
ఆమె వేలిని వేలే కాదంటోంది.
కొడుకుని పిలిచి వేయించేది.
నిన్న ఐదోసారికి పచ్చ దీపం వెలిగిందట.
"నన్ను పోల్చుకుందే!" అంటూ
బొటనవేలు వరసంతా తిప్పి చూపించింది.

నాకూ చూపించింది.
కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను.
నలుపు అడుగున, సన్నగా,
చాలా సన్నగా
గీతలు.

ఆ పొద్దు పని మొదలయ్యేసరికి
పావుగంట దాటింది.
పుస్తకంలో రాయలేదు.