మడత

రుషికొండ మీద మూడో అంతస్తు.
ఏసీ గాలికి సముద్రం వాసన రాదు,
అద్దంలోంచి నీలంగా ఓ ముక్క కనిపిస్తుందంతే.
మేం చేస్తున్న ఆట మాత్రం సముద్రం గురించే:
ఓ తెప్ప, ఓ తుఫాను,
గట్టు మీద ఎదురుచూసే ఓ ఆడమనిషి.

ఆ మనిషికి మాటలు కావాలని
పెదజాలరిపేట నుంచి నూకరత్నాన్ని పిలిచాం,
రోజుకింత అని.
పొద్దున్నే చేపలమ్ముకుని,
చేతులు రెండుసార్లు సబ్బుతో తోముకుని
పదకొండు గంటల బస్సుకి వచ్చేది.
ఆవిడ చెప్పేది, పట్నాయక్ టైపు చేసేవాడు,
నేను కట్టిన ఎడిటర్లో.

నా ఎడిటర్ సంగతి చెప్పాలి.
పేరుకో గడి, వయసుకో గడి,
కోపం ఎంతో జరిపి పెట్టే మీట ఒకటి,
మాటకో గడి.
మాటకి నేనిచ్చింది ఒకే ఒక్క వరస.
ఆటలో మనుషులు ఎంత మాట్లాడతారులే అనుకున్నాను:
ఆగు. రా. తలుపు తాళం వేసుంది.

నూకరత్నానికి ఫుల్‌స్టాపు తెలీదు.
ఊపిరి ఉన్నంతసేపూ ఒకటే వాక్యం.
అంచు దాటిన మాటలు కుడివైపు గోడలోకి పోయేవి,
కర్సర్ వెంటపడితే తప్ప దొరకవు.
వెంటపడే తీరిక ఎవరికుంది?

శుక్రవారం టెస్టింగ్ కుర్రాడన్నాడు:
"ఆవిడ మొగుడు తిరిగొచ్చేశాడు కదా సార్,
మూడో అంకంలో ఇంకా గట్టు మీదే ఉందేంటి?"
చూస్తే గడిలో అలాగే ఉంది:

మా మావ తెల్లారగట్ల తెప్పేసుకుని తిరిగొచ్చీసి

అక్కడికి గడి అయిపోయింది.
బొమ్మలు గీసేవాళ్లు అప్పటికే
గుమ్మంలో అతని చెప్పులు కూడా గీసేశారు.

బాణం మీట నొక్కి పట్టుకున్నాను.
అక్షరాలు ఒక్కొక్కటే ఎడమకి జరుగుతూ వచ్చాయి:

గుమ్మం కాడ నిలబడి తలుపు తియ్యే అన్నట్టు కలొచ్చింది బావూ
నాను లెగిసి తలుపు తీసినాను కూడా

నెల రోజులు
నా గోడ వెనక
తీసిన తలుపు.

మర్నాడు శనివారం, ఆఫీసులో నేనొక్కణ్నే.
మడత పెట్టమని చెప్పడానికి ఒక్క మాట చాలు,
చెప్పాను, మడతపడింది.
ఎత్తు ఎంతో చెప్పడం మరిచాను.
రెండో వరస వచ్చి వయసు మీద కూర్చుంది,
మూడోది కోపం మీద.
ఎత్తు తెలియాలంటే వెడల్పు తెలియాలి;
ప్యానెల్ గీసేదాకా వెడల్పెంతో ఇంజనుకే తెలీదు,
ముందే అడిగితే సున్నా అంటుంది.
ఆ సున్నాని నమ్మానేమో, అక్షరానికో వరస చొప్పున
గడి పాతాళానికి దిగిపోయింది.
అన్నీ సర్దుకున్నాయనుకుంటే, అడుగు వరసలో
వత్తు తెగి, తెప్ప కాస్తా తెప అయింది.
ఇంకో నాలుగు చుక్కల జాగా ఇచ్చాను.
అప్పటికి చీకటి పడింది. టీ తాగలేదు.

సోమవారం నూకరత్నానికి చూపించాను.
చదువు అంతంతమాత్రం. వేలుతో వరసలు లెక్కపెట్టింది.
"నా మాటే? ఇంత పొడుగుందేటి?"
"ఇన్నాళ్లూ లోపలికి పోయేదమ్మా. ఇప్పుడు మడతపెట్టాను."
"మరి, వలైనా మడతెట్టకపోతే తెప్పలో పడతాదేటి," అంది,
ఇంతమాత్రానికి అన్ని చదువులా అన్నట్టు.

తర్వాత మౌస్ తనే పట్టుకుంది.
ప్యానెల్ అంచు లాగితే వాక్యం నిలువునా పెరిగింది,
వదిలితే పొట్టిదైంది.
లాగి, వదిలి, మళ్లీ లాగి
ఒక చోట ఆపింది.
ఆఖరి వరసలో కూడా ఒక్కటే మిగిలింది.
"ఇక్కడుంచు."

ఎవరి తెర వెడల్పు వాళ్లదనీ
ఆ మాట అక్కడే ఆగదనీ చెప్పబోయి
ఊరుకున్నాను.

అది ఆటలో మనిషి వాక్యమేనా అని
పట్నాయక్ అడగలేదు, నేనూ అడగలేదు.
సవరించాల్సినవి ఇరవై మూడు రాసుకుని
బొమ్మలవాళ్లకి పంపాను.

చెప్పుల సంగతి అందులో రాయలేదు.